'అప్రోచ్ రోడ్డు' తెలుసు, 'కమ్ అప్ టు' ఎందుకు తెలీదు?



మాచర్ల వైపో గురజాల వైపో ఏదైనా ఊళ్లో ఒక పెద్దాయన్ని ఆపి 'అప్రోచ్ రోడ్డు' అంటే ఏంటి తాతా అని అడగండి. టక్కున చెప్తాడు. "వాగు మీద బ్రిడ్జి కట్టారయ్యా, అప్రోచ్ రోడ్డు మాత్రం ఇంకా ఎయ్యలా" అంటాడు. ఆయన బడి మొహం చూసి ఉండకపోవచ్చు. అయినా 'అప్రోచ్' ఆయన నోట్లో ఉంది. సర్టిఫికెట్ పని మీద వెళ్తే "ఎమ్మార్వో ఆఫీసుని అప్రోచ్ అవ్వండి" అంటారు. పేపర్లో "కోర్టును ఆశ్రయించారు" అని రాస్తారే, దానికి ఇంగ్లీషు పేపర్లో వచ్చేది 'అప్రోచ్డ్ ద కోర్ట్'.

ఇప్పుడు నరసరావుపేటలో బీటెక్ ఫైనల్ ఇయర్ చదివే కుర్రాణ్ణి అడగండి. 'హీ కేమ్ అప్ టు మి'కి, 'హీ కేమ్ ఎట్ మి'కి తేడా ఏంటి బ్రో అని. చాలామంది ఆగిపోతారు. రెండూ "నా దగ్గరికొచ్చాడు" అనే అనుకుంటారు.

వింత ఎక్కడుందంటే, ఇంగ్లండ్‌లో అయిదేళ్ల పిల్లాడికి 'కమ్ అప్ టు' తెలుసు. 'అప్రోచ్' అనే మాట వాడు తర్వాతెప్పుడో బళ్లో నేర్చుకుంటాడు. మనకి సీన్ రివర్స్. పెద్ద మాట ముందొచ్చింది, చిన్న మాట రానేలేదు. ఇలా ఎందుకైందో చెప్పడానికే ఈ ఎపిసోడ్. గ్రామర్ క్లాస్ అనుకుని స్కిప్ చెయ్యకండి, ఇది ఎక్కువగా చరిత్ర.

ఇది ఎందుకు ముఖ్యమో ముందు చెప్తా. వీడియోలకి రాకముందు నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా. ఫారిన్ టీమ్‌తో రోజూ కాల్స్. ఆ కాల్స్‌లో 'ద డెడ్‌లైన్ ఈజ్ అప్రోచింగ్' అన్నవాణ్ణి నేను పెద్దగా వినలేదు. 'ద డెడ్‌లైన్ ఈజ్ కమింగ్ అప్' అనేవాళ్లు. 'వుయ్ ఆర్ క్లోజింగ్ ఇన్ ఆన్ ద బగ్', 'ఐ విల్ కమ్ ఓవర్ టు యువర్ డెస్క్', 'లెట్స్ బ్యాక్ అప్ ఎ బిట్'. అన్నీ ఎల్‌కేజీ మాటలే. కమ్, గో, క్లోజ్, బ్యాక్. విడివిడిగా అన్నీ తెలుసు. కలిపితే అర్థం కాదు. మన వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు, మంచి మార్కులు, మంచి కోడ్, కాల్ మొదలైతే మ్యూట్. "నాకు ఇంగ్లీష్ రాదు బ్రో" అని వాళ్లే తేల్చేసుకునేవాళ్లు. రాకపోవడం కాదు. వాళ్లకి ఒక ఇంగ్లీషు వచ్చు, ఫైళ్ల ఇంగ్లీషు. అవతలివాళ్లు మాట్లాడేది ఇంకో ఇంగ్లీషు.

ఆఫీసు సంగతి పక్కన పెట్టండి. మనవాళ్లు ఎంతమంది అమెరికాలో, ఆస్ట్రేలియాలో రాత్రిపూట పెట్రోల్ బంకుల్లో, స్టోర్లలో పని చేస్తున్నారు! ఏదో గొడవైంది, పోలీసులొచ్చారు అనుకోండి. 'హీ కేమ్ అప్ టు మి' అంటే నా దగ్గరికి నడిచొచ్చాడు, అంతే. దారి అడగడానికీ రావచ్చు. 'హీ కేమ్ ఎట్ మి' అంటే నా మీదకొచ్చాడు, కొట్టడానికొచ్చాడు. రెండు చిన్న ముక్కలు మారితే స్టేట్‌మెంట్ మొత్తం మారిపోతుంది.

సరే, ఇంగ్లండ్‌కి వెళ్దాం.

వెయ్యేళ్ల కిందట అక్కడి జనం మాట్లాడింది పాత ఇంగ్లీషు, జర్మన్‌కి దగ్గరి చుట్టం. కమ్, గో అప్పటివే. అప్, అవుట్, ఇన్, ఓవర్ కూడా అప్పటివే. ఈలోపు ఉత్తరం నుంచి వైకింగులు పడవలేసుకొచ్చారు. 793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద పడి దోచుకున్నారు. దోపిడీకి వచ్చినవాళ్లలో చాలామంది తర్వాత అక్కడే పొలాలు పట్టుకుని కాపురాలు పెట్టేశారు. ఇవాళ మనం వాడే 'గెట్', 'టేక్' వాళ్ల భాష నుంచి వచ్చిన మాటలే. అంటే 'గెట్ అప్', 'టేక్ ఆఫ్' అన్నప్పుడల్లా సగం వైకింగ్ మాట్లాడుతున్నాం అన్నమాట. క్రియ పక్కన చిన్న ముక్క పెట్టి అర్థం తిప్పే అలవాటు వాళ్ల భాషలోనూ బాగా ఉండేది.

1066లో నార్మన్లొచ్చారు. రాజు, కోట, కోర్టు, పన్నులు, అన్నీ ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ల చేతిలోకి పోయాయి. వాళ్ల వెంట వచ్చిన మాటలు చూడండి: అప్రోచ్, అరైవ్, ఎంటర్, రిటర్న్, అడ్వాన్స్, రిట్రీట్. దాంతో ఒక్కో కదలికకి రెండేసి మాటలయ్యాయి. పొలంలో 'గో ఇన్', దర్బారులో 'ఎంటర్'. పొలంలో 'కమ్ బ్యాక్', దర్బారులో 'రిటర్న్'. సైనికుడు 'ఫాల్ బ్యాక్' అంటాడు, వాళ్ల సేనాని రాసే ఉత్తరంలో అదే 'రిట్రీట్'.

ఇది మనకి కొత్తేం కాదు. పెళ్లి శుభలేఖ తీయండి. "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అని ఉంటుంది. అదే మేనమామ ఫోన్ చేస్తే "అందరూ రండిరా, ముందు రోజే వచ్చెయ్యండి" అంటాడు. విచ్చేయడం, వచ్చెయ్యడం, పని ఒక్కటే. పాత పుస్తకాల్లో అయితే ఏతెంచు, అరుదెంచు, చనుదెంచు, వేంచేయు అని నాలుగైదు ఉన్నాయి. తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన విదేశీయుడికి మనం 'అరుదెంచు' ఒక్కటే నేర్పి 'రా' నేర్పకుండా పంపించామనుకోండి. వాడు టీ కొట్టు దగ్గర నిలబడి "మిత్రుడు అరుదెంచుచున్నాడు" అంటాడు. నవ్వుతాం కదా. మనం ఇంగ్లీషులో చాలాసార్లు చేసేది అదే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పాయింట్. 'అప్రోచ్' అనే మాటని విప్పితే లోపల లాటిన్ ఉంది. ముందున్న 'అ' అనేది 'ఆద్', అంటే 'వైపుకి'. మిగతాది 'దగ్గర' అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. మొత్తం కలిపితే 'దగ్గరికి'. 'అరైవ్' విప్పితే 'ఆద్' ప్లస్ 'రీపా'. రీపా అంటే ఒడ్డు. 'అరైవ్' అసలు అర్థం ఒడ్డుకి చేరడం, పడవ వాళ్ల మాట! 'రిటర్న్'లో 'రి' అంటే వెనక్కి. 'ఎంటర్'లో 'లోపలికి' అనేది ముందే కూర్చుని ఉంది.

అందుకే 'అప్రోచ్ టు హిమ్' తప్పవుతుంది. 'టు' పని లోపలున్న 'ఆద్' ఎప్పుడో చేసేసింది. 'రిటర్న్ బ్యాక్' అంటే "వెనక్కి వెనక్కి వచ్చాడు" అన్నట్టు. 'ఎంటర్ ఇన్‌టు ద రూమ్' కూడా అంతే, 'ఎంటర్ ద రూమ్' చాలు. మనం 'టు' ఎందుకు పెడతామో తెలుసా? తెలుగులో 'కి' ఉంది. "ఆయన దగ్గరికి" అన్నప్పుడు ఆ 'కి' చెవిలో మోగుతుంది, చెయ్యి ఆటోమేటిక్‌గా 'టు' టైప్ చేస్తుంది. 'రీచ్డ్ టు హోమ్' కూడా ఇదే జబ్బు. అయితే ఒక్క మాట, 'రీచ్' లాటిన్ కాదు, అచ్చ ఇంగ్లీషే. చెయ్యి చాచి అందుకోవడం దాని పాత అర్థం. అందుకున్నాక మళ్లీ 'కి' ఎందుకు? 'రీచ్డ్ హోమ్'.

సంస్కృతంలోనూ ఇదే మెషీన్ ఉంది. 'గమ్' అంటే వెళ్లడం. ముందు 'ఆ' తగిలిస్తే ఆగమనం, రావడం. 'నిర్' తగిలిస్తే నిర్గమనం, బయటికి పోవడం. 'అను' పెడితే అనుగమించడం, వెంట వెళ్లడం. 'సం' పెడితే సంగమం, కలవడం. 'అధి' పెడితే అధిగమించడం. కష్టాన్ని అధిగమించాడు అంటాం కదా, ఇంగ్లీషులో దానికి 'గాట్ ఓవర్'. సంస్కృతం, లాటిన్ ఆ ముక్కని ముందు అతికించాయి. ఇంగ్లీషు జనం వెనక, విడిగా పెట్టుకున్నారు. తేడా అంతే. విడిగా ఉండబట్టే మనకి అది కనపడీ కనపడనట్టు జారిపోతుంది.

1755లో శామ్యూల్ జాన్సన్ తన పెద్ద డిక్షనరీ వేశాడు. దాని ముందుమాటలోనే ఈ సంగతి ఎత్తాడు. క్రియ వెనక చిన్న ముక్క చేర్చి అర్థం మార్చే పద్ధతి విదేశీయులకి అన్నింటికన్నా పెద్ద తలనొప్పి అని, అందుకే వాటిని శ్రద్ధగా పోగేశానని రాశాడు. 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు మాత్రం చాలా కొత్తది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన పుస్తకంలో వాడాడు, ఆ పేరు తనకి చెప్పింది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఎడిటర్ హెన్రీ బ్రాడ్లీ అన్నాడు. పేరుకి వందేళ్లు, అసలు సరుకుకి వెయ్యేళ్లు.

మరి మన దగ్గరికి దర్బారు మాటలే ఎందుకొచ్చాయి?

1835లో మెకాలే మినిట్, అది మీకు తెలిసిందే. నా లెక్కలో దానికన్నా 1844 ముఖ్యం. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకి సర్కారు ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తామని గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రకటించిన సంవత్సరం అది. ఇంక ఇంగ్లీషంటే ఉద్యోగం, ఉద్యోగమంటే ఫైలు. 1857లో మద్రాస్ యూనివర్సిటీ వచ్చింది, పరీక్షలొచ్చాయి. పరీక్షలో రాసే ఇంగ్లీషు, అర్జీలో రాసే ఇంగ్లీషు, కోర్టులో రాసే ఇంగ్లీషు. అన్నీ కాగితం మీదవే. 'కమ్ ఓవర్', 'డ్రాప్ బై' లాంటివి కాగితం మీద పుట్టవు. పక్కింటివాళ్లు, వంటిల్లు, ఆటస్థలం ఉంటేనే పుడతాయి. మన వీధిలో ఇంగ్లీషు మాట్లాడే పక్కింటివాళ్లు లేరు.

పల్నాడులో మరీ తక్కువ. 1849లో హేయర్ అనే మిషనరీ గుంటూరు నుంచి వచ్చి గురజాలలో మకాం పెట్టాడు. అమెరికా నుంచి వచ్చాడు గానీ పుట్టింది జర్మనీలో, హెల్మ్‌స్టెట్‌లో. పద్నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లాడు. అంటే ఆయనకీ ఇంగ్లీషు తల్లి భాష కాదు! జర్మన్‌లో ఇలాంటి విడిపోయే క్రియలు బోలెడు. అంతేకాదు, మాట్లాడేవాడి వైపు వస్తే ఒక ముక్క, దూరంగా పోతే ఇంకో ముక్క ఉంటాయి. మన 'ఇట్రా', 'అట్టా పో' లాగా. అలా ఒకరిద్దరు మనుషులు వచ్చినా, ఊరి జనానికి ఇంగ్లీషు చేరింది ఎక్కువగా స్టాంపు పేపరు మీద, ఆ తర్వాత బ్రిడ్జి కాంట్రాక్టుతో. 'అప్రోచ్ రోడ్డు' అలా వచ్చిందే.

1907 ప్రాంతంలో ఇంకో ముఖ్యమైన సంగతి జరిగింది. జె.ఎ. యేట్స్ అనే ఆయన ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాడు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో చదివే తెలుగు ఇంకొకటి. ఇదేంటి అని ఆయనకి వింతగా తోచింది. విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ని అడిగితే, గిడుగు రామమూర్తి గారు, గురజాడ అప్పారావు గారు చెప్పగలరని దారి చూపించాడు. తర్వాత కథ మీకు తెలుసు, వాడుక భాషా ఉద్యమం. ఆ పోరాటం జరగబట్టే ఇవాళ నేను ఇలా మాట్లాడుతున్నా, దీన్ని ఇలాగే టైప్ చేసి పెడితే మీరు చదువుతున్నారు. తెలుగులో 'ఏతెంచెను' దిగిపోయి 'వచ్చాడు' బళ్లోకి ఎక్కింది. మన బళ్లలో ఇంగ్లీషుకి మాత్రం అలాంటి గిడుగు రాలేదు. అక్కడ ఇంకా ఏతెంచుడే నడుస్తోంది. మాస్టార్లని తిట్టి లాభం లేదు. ఆయన చెవిన పడనిది ఆయన ఎట్టా నేర్పుతాడు?

"ఫ్రేజల్ వెర్బ్స్ మన బుర్రకి ఎక్కవు" అనేవాళ్లకి నాదొక ప్రశ్న. 'బయల్దేరాను' అంటారా లేదా? బయలుదేరు. బయలు అంటే బయట, ఖాళీ జాగా. దేరు అనేది 'తేరు' అనే పాత క్రియ. బయటికి రావడం. ఇంగ్లీషులో 'సెట్ అవుట్'. అక్కడ 'అవుట్' వెనక ఉంది, ఇక్కడ 'బయలు' ముందుంది. మనం పుట్టినప్పటి నుంచి ఫ్రేజల్ వెర్బ్స్ మాట్లాడుతున్నాం బాబూ.

ఇంకా చూడండి. ఎదురుపడ్డాడు. వెంటపడ్డాడు. మీదపడ్డాడు. తారసపడ్డాడు. బయటపడ్డాడు. పెళ్లి దగ్గరపడింది. ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకుంటూ ఈ లిస్టు చూసి ఏడుస్తాడు. "ఇంతమంది పడుతున్నారు, ఒక్కడికీ దెబ్బ తగల్లేదా?" అంటాడు. మనకి మాత్రం ఎప్పుడూ డౌట్ రాలేదు. ఎందుకంటే మనం 'పడు' అర్థం చూడటం లేదు, ముందున్న ముక్క చూస్తున్నాం. ఎదురు, వెంట, మీద. ఇంగ్లీషులోనూ అదే చెయ్యండి. 'కమ్'ని వదిలేసి వెనకున్న ముక్క పట్టుకోండి. "100 ఫ్రేజల్ వెర్బ్స్ ఇన్ 10 మినిట్స్" లాంటి లిస్టులు నాకు అందుకే నచ్చవు. వందా బట్టీ పడతారు, నూటొకటోది వస్తే మళ్లీ మ్యూట్.

ఇప్పుడు ఆ ముక్కల్ని కారెంపూడి తీసుకెళ్దాం. పల్నాటి యుద్ధం మీకు నేను చెప్పక్కర్లేదు. కార్తీకంలో నాగులేరు ఒడ్డున అయిదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి కదా. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రావడం, పోవడం, ఎదురుపడటం, మీదపడటం, ఈ కథ మొత్తం అదే.

కోడిపోరుతో మొదలెడదాం. నాగమ్మ కోడి, బ్రహ్మనాయుడి కోడి. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. 'దే సర్కిల్ అరౌండ్ ఈచ్ అదర్'. మెల్లగా మధ్యలో ఖాళీ తగ్గుతుంది. 'దే క్లోజ్ ఇన్'. ఇక్కడ 'ఇన్' అంటే గది లోపలికి కాదు, నాలుగు వైపుల నుంచి మధ్యకి. మబ్బు ముసురుకొచ్చింది, చీకటి కమ్ముకొచ్చింది అంటామే, ఆ 'కొచ్చింది' ఫీలింగ్. ఒక కోడి ఎగిరి మీద పడుతుంది. 'ఇట్ గోస్ ఫర్ ద అదర్ వన్'. అవతలిదాని వైపు నుంచి చెప్తే 'ఇట్ కేమ్ ఎట్ మి'. 'ఎట్' అంటే గురి. బాణం గురి పెట్టినట్టు. అందుకే 'కమ్ ఎట్'లో కోపం ఉంటుంది, 'కమ్ టు'లో ఉండదు. దెబ్బ తిన్నది రెండడుగులు వెనక్కేస్తుంది, 'ఇట్ బ్యాక్స్ ఆఫ్'. 'ఆఫ్' అంటే అంటుకున్నది విడిపోవడం. మొహం ఇటే ఉంచి వెనక్కి నడుచుకుంటూ పోతే 'బ్యాక్స్ అవే'. తోక తిప్పి పారిపోతే 'రన్స్ ఆఫ్'. (కోడి పందేలు ఆడమని చెప్పడం లేదు, కేసవుతుంది.)

పందెం ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊరొదిలి పోవాలి. 'దే సెట్ అవుట్'. ఎటు మొహం పెట్టి పోయారో చెప్పాలంటే 'హెడ్ ఫర్'. "అడవి దారి పట్టారు" అంటే 'దే హెడెడ్ ఫర్ ద ఫారెస్ట్'. 'ఫర్' గమ్యం వైపు చూపిస్తుంది, చేరారా లేదా చెప్పదు. 'టు' అయితే చేరినట్టే. ఈ చిన్న తేడా చాలామందికి తెలీదు. గడువు తీరాక తిరిగొచ్చారు, 'దే కేమ్ బ్యాక్'.

తర్వాత రాయబారం. అలరాజు గురజాల వెళ్లి నలగామరాజు కొలువులో నిలబడి రాజ్యంలో వాటా అడగాలి. అడుగులో అడుగు వేసుకుంటూ నలగామరాజు ఎదురుగా వెళ్లి ఆగాడు. 'హీ వెంట్ అప్ టు ద కింగ్'. ఇక్కడ 'అప్' అంటే మెట్లెక్కడం కాదు. మధ్యలో ఉన్న దూరమంతా పూర్తి చేసి, ఎదురెదురుగా నిలబడేంత దగ్గరికి. మన 'దాకా' లాంటిది. అందుకే 'ఫిల్ అప్', 'ఈట్ అప్'లోనూ ఆ 'పూర్తిగా' అనే వాసన ఉంటుంది.

ఇంకోటి గమనించండి. నేను 'వెంట్ అప్ టు' అన్నా. ఎందుకంటే కథ మాచర్ల వైపు నిలబడి చెప్తున్నా. గురజాల కొలువులో కూర్చున్నవాడు చెప్తే 'కేమ్ అప్ టు' అంటాడు. అలరాజు ఒక్కడే, నడక ఒక్కటే, చెప్పేవాడు ఎక్కడున్నాడో దాన్ని బట్టి క్రియ మారుతుంది. తెలుగులో కూడా అంతే, వెళ్లాడు, వచ్చాడు. ఫోన్లో "నేను మీ ఇంటికి వస్తున్నా" అంటాం కదా, 'వెళ్తున్నా' అనం. ఇంగ్లీషులోనూ 'ఐ యామ్ కమింగ్ ఓవర్'. వినేవాడి చోటుని లెక్కలోకి తీసుకునే పద్ధతి రెండు భాషల్లోనూ ఉంది. అన్ని భాషల్లో ఇలా ఉండదు. స్పానిష్‌లో ఇలాంటి చోట 'వెళ్తున్నా' అనే అంటారు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం.

ఒక్కచోట మాత్రం కుదరదు. ఇంట్లోంచి పోతూ "వస్తా" అంటాం, 'పోతా' అనకూడదు కాబట్టి. దాన్ని 'ఐ విల్ కమ్' అంటే అవతలివాడు ఎదురుచూస్తూ కూర్చుంటాడు. దానికి 'సీ యూ' చాలు.

'కమ్ ఓవర్' సంగతి కూడా చెప్పాలి. 'ఓవర్' అంటే మధ్యలో ఉన్నదేదో దాటి. నదో, వీధో, ఆఫీసులో రెండు వరసల టేబుళ్లో. నల్గొండ వైపు నుంచి కృష్ణ దాటి మాచర్ల వచ్చినవాడు 'కేమ్ ఓవర్'. ఎదురింటివాడు వచ్చినా 'కేమ్ ఓవర్'. అదే 'డ్రాప్ బై', 'కమ్ బై' అయితే అటుగా పోతూ పోతూ ఇటొక తొంగిచూపు. మొదటిదానికి భోజనం పెట్టాలి, రెండోదానికి టీ సరిపోతుంది.

వినేటప్పుడు ఒక చిట్కా. 'బ్యాక్ ఆఫ్', 'కమ్ ఓవర్', 'క్లోజ్ ఇన్' అన్నప్పుడు వాళ్లు ఒత్తి పలికేది వెనక ముక్కని. 'కేమ్ ఎట్ మి'లో మాత్రం ఒత్తు 'కేమ్' మీద, 'ఎట్' మింగేస్తారు. 'కమ్ అప్ టు' అయితే 'కమప్టు' అని ఒకే మాటలా వస్తుంది. సబ్‌టైటిల్స్ ఆపేసి పది నిమిషాలు ఏదైనా సీరీస్ వినండి, ఈ ముక్కలు మాత్రమే ఏరండి. కథ అర్థం కాకపోయినా పర్లేదు.

చివరిగా మన పక్కనే ఉన్న నాగార్జునకొండ. 1926లో స్థానిక బడిపంతులు ఒకాయన అక్కడ ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. వెతుక్కుంటూ పోలేదు, తారసపడింది. 'హీ కేమ్ అక్రాస్ ఎ పిల్లర్'. 'అక్రాస్' అంటే అడ్డంగా. నువ్వు నీ దారిన పోతుంటే అది నీ దారికి అడ్డమొచ్చింది. ఆ ఒక్క స్తంభంతో ఇక్ష్వాకుల రాజధాని బయటపడింది. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన చేశాడు. ఇంక ఆ లోయంతా మునిగిపోవడం ఖాయం. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. నీళ్లు రాకముందే అన్నీ తవ్వి, కొలిచి, కొన్ని కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ మీదకీ, అనుపుకీ చేర్చాలి. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలింది. లోయలో ఊళ్లు ఖాళీ అయ్యాయి, 'పీపుల్ మూవ్డ్ అవుట్'. కొండ మాత్రం దీవిలా మిగిలింది.

నీళ్లు పైకొచ్చాయి, 'ద వాటర్ కేమ్ అప్'. ఇక్కడ 'అప్' నిజంగానే పైకి. గడువుకి కూడా ఇంగ్లీషువాడు అదే మాట వాడతాడు, 'ద డెడ్‌లైన్ ఈజ్ కమింగ్ అప్'. మనం ఏమంటాం? "గడువు ముంచుకొస్తోంది". ముంచుకు రావడం, నీళ్ల మాట! తవ్వకాల వాళ్లకి ఆ ఆరేళ్లు గడువూ నీళ్లూ ఒక్కటే. 'డెడ్‌లైన్ ఈజ్ కమింగ్ అప్' అని కాల్‌లో ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ సాగర్ లోయే గుర్తొస్తుంది. మీ నాన్న ఫీజు గడువు గురించి 'ముంచుకొస్తంది' అన్నప్పుడు కూడా అదే మాటని తెలుగులో అంటున్నాడు.

వచ్చే ఎపిసోడ్ 'గెట్' మీద. గెట్ ఇన్, గెట్ ఆన్, గెట్ ఎవే, గెట్ ఎక్రాస్. కారుకి 'ఇన్' ఎందుకు, బస్సుకి 'ఆన్' ఎందుకు అనేదాంట్లో గుర్రబ్బండ్ల కథ ఒకటుంది. అది మాచర్ల బస్టాండులో షూట్ చేద్దామని ఉంది, ఎండ తగ్గాక. అప్పటిదాకా, పొయ్యొస్తా.